గోపాలపురం దీపములు

గోపాలపురం సముద్రతీరమున హోటళ్ల వ్యాపారము నూరేండ్లు దాటినది. 1914లో ఒక ఇటలీ దేశస్థుడు అచ్చట హోటలు కట్టించు నాటికి మనవారు ఆ రేవున ఓడలెక్కి బర్మాకు పోవుచుండిరి. ఆ ఓడలు ఏనాడో ఆగిపోయినవి. హోటళ్లు మాత్రము పెరుగుచునే యున్నవి. నేడు దేశమంతటను హోటళ్లు ‘పర్యావరణ హితము’ అను బిరుదుకై పోటీపడుచున్నవి. బిరుదు మంచిదే. దానిని ఏ కొలతతో కొలువవలెనన్నదే ప్రశ్న.

మిద్దెపై సూర్యరశ్మి పలకలు అమర్చుట, వాడిన నీటిని శుద్ధిచేసి తోటకు పారించుట, తువాలును ప్రతిదినము మార్చనక్కరలేదని అతిథికి చీటీ పెట్టుట మొదలైనవి మెచ్చదగిన పనులు. వీనివలన కరెంటు ఖర్చు, నీటి ఖర్చు తగ్గును గనుక యజమానికిని లాభమే. లాభము వచ్చు మంచిపని చేయుట సులభము. అంతగా లాభము లేకున్నను చేయవలసిన పని యొకటి మన తీరమున కలదు. అది రాత్రివేళ సముద్రమువైపు వెలుగు చిమ్ము దీపములను ఆర్పుట.

గోపాలపురమునకు ఈశాన్యముగా ఋషికుల్యా నది సముద్రమున గలియు చోట, ఆలివ్ రిడ్లీ జాతి తాబేళ్లు లక్షల సంఖ్యలో వచ్చి గ్రుడ్లు పెట్టును. శాస్త్రజ్ఞులు ఈ సంగతిని 1994లో లోకమునకు తెలిపిరి. 2023లో 6 లక్షలకు పైగా వచ్చినవి. 2024లో గుంపుగా రానేలేదు. 2025లో దాదాపు 7 లక్షలు వచ్చినవి. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చు ఆడపడుచువలె, తాను పుట్టిన ప్రాంతమునకే తల్లి తాబేలు తిరిగివచ్చును. ఒక్కొక్కటి నూరు, నూట ఇరువది గ్రుడ్లు ఇసుకలో పూడ్చి పోవును. సుమారు 50 దినములకు పిల్లలు రాత్రిపూట వెలువడి, ఎటు వెలుతురు ఎక్కువగా నున్నదో అటు నడచును. చీకటి తీరమున ఆ వెలుతురు సముద్రముమీదిది. తీరమున విద్యుద్దీపములు వెలిగినచో ఆ పసికూనలు సముద్రమునకు వీపు త్రిప్పి ఊరివైపు ప్రాకి, కుక్కలకును కాకులకును ఎరయగును. లేదా తెల్లవారిన పిదప ఎండకు మాడిపోవును.

ఈ తాబేళ్లకొరకు ఇప్పటికే త్యాగము చేయుచున్నవారు ఒకరున్నారు. ఏటేటా నవంబరు 1 మొదలు మే 31 వరకు, ఋషికుల్యా మొగ సమీపమున 20 కిలోమీటర్ల లోపల మోటారు పడవలతో చేపలవేట నిషేధింపబడుచున్నది. ఈ తీరమున వల వేయువారిలో అనేకులు తెలుగు మాటలాడు వాడబలిజలు, ఒడియావారు నోలియాలందురు. ప్రభుత్వము కొంత సాయము చేయుచున్నను ఏడు నెలల వేట నష్టమును అది పూడ్చజాలదు. కూటికై సముద్రమును నమ్ముకొన్నవాడు ఏడు నెలలు వల మడిచి పెట్టుచుండగా, వినోదమునకై సముద్రమును అమ్ముకొనువాడు నాలుగు దీపములైనను ఆర్పకుండుట న్యాయమా?

అతిథులు చీకటికి జంకుదురని యజమానులు చెప్పవచ్చును. తీరమంతయు చీకటి చేయుమని ఎవరును కోరుటలేదు. కాలిబాటలకు మోకాటి ఎత్తున, పైన మూత గల దీపములు చాలును. తెల్లని కాంతికన్న పసుపు, ఎరుపు కాంతులు తాబేళ్లను తక్కువగా ఆకర్షించును. సముద్రమువైపు కిటికీలకు దట్టమైన తెరలు వేయవచ్చును. అమెరికాలోని ఫ్లోరిడా తీరమున అనేక పట్టణములు ఇట్టి నియమములను శాసనములుగా చేసినవి. అంతమాత్రమున అచ్చటి హోటళ్లు మూతబడలేదు. రేవుకును, కర్మాగారములకును దీపములు లేవా యన్నచో, ఉన్నవి. వానిని కూడ అడుగవలసినదే. పొరుగువాని దీపము మన దీపమునకు సాకు కాజాలదు.

ఇందు మన బాధ్యతయు కలదు. బరంపురం తెలుగు కుటుంబములు పెండ్లిండ్లకును విందులకును గోపాలపురం పోవుచునే యున్నవి. మాఘము మొదలు వైశాఖము వరకు మనకు ముహూర్తముల కాలము. తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటయు, పిల్లలు వెలువడుటయు సామాన్యముగా ఆ కాలముననే. ఇసుకపై తోరణదీపములు, బాణసంచా కోరువారము మనమే. గిరాకీ అడుగనిదే వర్తకుడు మారడు. గది మాటలాడుకొనునప్పుడు భోజనమెట్లుండునని అడిగినట్లే, ‘ఈ నెలలలో మీ సముద్రపు దీపములు ఆర్పుదురా?’ అని అడుగుడు. అవునన్నవారికే బయానా ఇండు. మన పిల్ల పెండ్లికి వెలిగించిన దీపము మరియొక తల్లి పిల్లలకు దారి తప్పింపరాదు.