గుండె దడ అంటే భ్రమేనా?

మేమెరిగిన ఒక కుటుంబంలో ఇరవై ఆరేళ్ల యువకుడు కొన్ని నెలలుగా మానసిక వ్యాధికి హలోపెరిడాల్ మాత్రలు వాడుతున్నాడు. ఒకనాటి రాత్రి "అమ్మీ, గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది" అన్నాడు. చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారని లోగడ చెప్పినవాడే గనుక, ఇది కూడా ఆ కోవలోనిదేనని ఇంటివారు ఊరడించి పడుకోబెట్టారు. మరునాడు స్పృహ తప్పి పడిపోయిన తర్వాత గాని ఈసీజీ తీయించలేదు. దగ్గు తగ్గడానికని మందుల షాపు నుండి తెచ్చి మూడు రోజులుగా వేస్తున్న అజిత్రోమైసిన్ సంగతి అప్పుడు బయటపడింది. అల్లాహ్ దయవల్ల ప్రాణాపాయం తప్పింది.

ప్రతి స్పందన తర్వాత గుండె కండరం విద్యుత్పరంగా తేరుకుని మరో స్పందనకు సిద్ధం కావాలి. ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని బట్టి వైద్యులు దీనిని అంచనా వేస్తారు. మానసిక వ్యాధుల మందుల్లో కొన్ని ఈ వ్యవధిని పొడిగిస్తాయి. గుండె వేగాన్ని బట్టి సరిచేసిన లెక్క 500 మిల్లీసెకన్లు దాటితే ప్రాణాంతకమైన లయభంగం కలిగే ముప్పు బాగా పెరుగుతుంది. థయోరిడజిన్ అనే మందును ఈ కారణంగానే దాని మూల తయారీ సంస్థ 2005లో ఉపసంహరించుకున్నది. అన్ని మందులూ ఒకటి కావు. హలోపెరిడాల్, జిప్రాసిడోన్ల విషయంలో జాగ్రత్త ఎక్కువ అవసరం. అరిపిప్రజోల్‌తో ఈ బెడద చాలా తక్కువ. అయితే వాంతులకు వేసే ఆండాన్‌సెట్రాన్, డోమ్‌పెరిడోన్, కొన్ని యాంటీబయోటిక్‌లు కూడా క్యూటీని పొడిగించేవే. విరేచనాలతో ఒంట్లో పొటాషియం తగ్గినప్పుడు ముప్పు మరింత పెరుగుతుంది.

క్లోజపిన్ తీరు వేరు. మొదటి కొద్ది వారాల్లో అరుదుగా గుండె కండరానికి వాపు రావచ్చు. జ్వరం, ఆయాసం, ఛాతీనొప్పి, కూర్చున్నా తగ్గని దడ కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక ఒలాంజపిన్ వంటివి బరువును, చక్కెరను, కొవ్వును పెంచి మెల్లగా రక్తనాళాలను దెబ్బతీస్తాయి. మా దృష్టిలో ఇళ్లలో ఎవరూ పట్టించుకోనిది ఇదే. పిల్లవాడు ఒళ్లు చేశాడని సంతోషించే తల్లులను మేము చూశాము.

ఇదంతా చదివి మాత్రలు ఆపివేయడం మరింత ప్రమాదం. వ్యాధి తిరగబెడుతుంది. క్లోజపిన్ 48 గంటలకు మించి తప్పితే పాత మోతాదునే మళ్లీ వేయరాదు, తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. రమజాన్‌లో మాత్రల వేళలు మార్చదలచినవారు షాబాన్‌లోనే వైద్యుని సంప్రదించాలి. సజ్దా నుండి లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నా ఆయనకు తెలపాలి. కొన్ని మందులతో లేవగానే రక్తపోటు పడిపోతుంది. మందు మొదలుపెట్టే ముందు, మోతాదు పెంచిన తర్వాత ఈసీజీ అవసరమా అని అడగడానికి మొహమాటం వద్దు.

ఆ యువకునికి వైద్యులు చికిత్స ఆపలేదు. యాంటీబయోటిక్ మాన్పించి, హలోపెరిడాల్ బదులు మరో మందు రాశారు. ఆ తల్లి ఇప్పుడు మాత్రల చీటీని పర్సులో పెట్టుకుని తిరుగుతోంది. దగ్గు మందుకు వెళ్లినా ముందు దానినే చూపుతోంది.