కాదన్నదల్లా అవుననుటేనా?

తెలుగు పండితుడికి ప్రోగ్రాములతో పనేమిటని నవ్వకండి. ముప్పై అయిదేళ్ళ నా పాఠాల రాతలను పూర్వవిద్యార్థి ఒకడు క్లౌడ్‌లో దాచి, రాత్రివేళ బ్యాకప్ తీసే ఏర్పాటు చేశాడు. రోజూ "అంతా క్షేమం" అని కబురు. నా చేతిపొరపాటున ఫైళ్ళు చెరిగిన నాడు వెతికితే, రెండు వారాల ప్రతులు లేనేలేవు! అతని ప్రోగ్రాము అడిగే ప్రశ్న ఒక్కటే: "విఫలమా?" కాదంటే సఫలమేనట!

ఏడబ్ల్యూఎస్ బ్యాకప్‌లో పని స్థితిని తెలిపే పదాలకు ఒక పట్టిక ఉంది. అదే ఈనమ్. గడువులోగా పని మొదలే కాకపోతే వచ్చే పదం "ఫెయిల్డ్" కాదు, "ఎక్స్‌పైర్డ్". రేపు మరో కొత్త పదమూ చేరవచ్చు. జావా లైబ్రరీ రెండవ కూర్పు ఇక్కడ వినయశీలి. తానెరుగని పదం వస్తే "అన్‌నోన్ టు ఎస్‌డీకే వెర్షన్" అని ఒప్పుకుంటుంది. అసలు పదాన్ని విడిగా అడిగి తెలుసుకోనిస్తుంది. మన వైయాకరణులు అన్యదేశ్యానికి వేరే గది కట్టినదీ ఇందుకే కదా!

"తెలియనిదాన్ని డిఫాల్ట్‌లో పడేస్తే సరి" అనేవారితోనే నా పేచీ. తెల్లకాగితమిచ్చిన పిల్లవాడికి, తప్పు రాయలేదు కనుక, నూటికి నూరు వేస్తామా? "కంప్లీటెడ్" అని కంటబడితేనే పూర్తయినట్టు. నడుస్తున్నదైతే వేచి చూడాలి. తక్కిన ఏ పదమైనా, ఎరుగని పదమైనా సరే, మనిషిని నిద్రలేపవలసిందే.

కాదంటారా? కారణం చెప్పండి, వింటాను.