ముందు మీరొకటి తీసుకోండి

మన మున్సిపాలిటీల 'ఆర్ఆర్ఆర్ సెంటర్'కు రాజమౌళి సినిమాతో సంబంధం లేదు. 2023 మే 15న కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 'మేరీ లైఫ్, మేరా స్వచ్ఛ్ షహర్' అనే కార్యక్రమం మొదలుపెట్టి, జూన్ 5 పర్యావరణ దినోత్సవం దాకా పట్టణాలన్నిట్లో ఈ సెంటర్లు నడపమంది. రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్. ఇంట్లో అక్కర్లేని బట్టలు, చెప్పులు, పుస్తకాలు, బొమ్మలు తెచ్చిపెడితే అవసరమున్నోళ్ళు పట్టుకుపోతారని లెక్క. అంతకుముందే, 2015 చివర్లో, ఇరాన్‌లోని మష్హద్‌లో ఒక గోడకు కొక్కేలు కొట్టి చలికోట్లు వేలాడదీశారు. ఆ 'కరుణ గోడ' ఫోటోలు ఫోన్లలో తిరిగి తిరిగి మన దాకా వచ్చాయి. మన దగ్గరా గోడలు వెలిశాయి, రిబ్బన్లు తెగాయి.

ఇప్పుడు అలాంటి అరల దగ్గరికి పోయి చూడండి. నేను చూసినవాటిలో ఉన్నవి జిప్పు పోయిన ప్యాంట్లు, జత లేని చెప్పులు, రంగు వెలిసిన జాకెట్లు. తీసుకోవాలనుకున్నవాళ్ళు పట్టపగలు వాటి దగ్గర నిలబడరు.

ఎందుకిట్లా అంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో చదువుకున్నవాళ్ళు చెప్పే కారణం ఒక్కటే: "మనోళ్ళకు నామోషీ ఎక్కువన్నా." సరే, ఆ నామోషీ సంగతే చూద్దాం.

కోరుట్ల పిల్లగాడు ఎంఎస్ చదవడానికి డాలస్ పోతాడు. మొదటి నెలలోనే అపార్ట్‌మెంట్ చెత్తడబ్బా పక్కన ఎవరో వదిలేసిన సోఫాను ముగ్గురు దోస్తులతో కలిసి మూడో అంతస్తుకు మోస్తాడు. పరుపు సీనియర్‌ది, టేబుల్ ఎవరిదో తెలియదు, రైస్ కుక్కర్ ఊరు ఖాళీ చేసి పోతున్న తమిళాయనది. ఇవన్నీ ఫోటో తీసి స్టేటస్ పెడతాడు. వాడి పెదనాన్న కొడుకు దుబాయ్‌లో లేబర్ క్యాంపులో ఉంటాడు. ఇంటికి పోతున్నవాడు వదిలిన బకెట్, దుప్పటి, కరెంటు పొయ్యి కొత్తగా వచ్చినవాడివి అవుతాయి. వాడు పోయేనాడు వాటిని ఇంకొకడికి వదులుతాడు. ఈ అన్నదమ్ములిద్దర్నీ కోరుట్లలో ఆ అర ముందు నిలబెట్టండి. చెయ్యి చాపరు. విమానం దిగేసరికి గుణం మారిపోయిందా?

మారింది గుణం కాదు, వరస. డాలస్‌లో, దుబాయ్ గదిలో ఇవాళ తీసుకున్నవాడు రేపు ఇస్తాడు. ఇచ్చినవాడు కూడా మొన్న తీసుకున్నవాడే. ఇద్దరూ కుర్చీలు మారుతుంటారు. మన ఊళ్ళో అర దగ్గర మాత్రం ఇచ్చే చేతులు వేరు, తీసుకునే చేతులు వేరు. అవి మారవని ఊరందరికీ తెలుసు. ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు మార్సెల్ మాస్ కానుకల మీద తన ప్రసిద్ధ వ్యాసం 1925లో వెలువరించాడు. తిరిగి ఇచ్చే వీలు లేని కానుక పుచ్చుకున్నవాణ్ణి కిందివాణ్ణి చేస్తుందని ఆయన వాదన. ఇది తెలుసుకోవడానికి మా వైపు ముసలోళ్ళకు ఫ్రెంచి పుస్తకం అక్కర్లేదు.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వాళ్ళ డిమాండ్లలో వెట్టి రద్దు ముఖ్యమైనది. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వెట్టి అంటే ఊరికే చేయించుకోవడం ఒక్కటే కాదు. చేయించుకున్నదానికి బదులుగా పండగపూట ఒక పాత చీర, మిగిలిన కూర ఇచ్చి, దాన్ని దయ అనడం కూడా. గడీల్లో దొరబిడ్డ అత్తగారింటికి పోతుంటే సారె సామానుతో పాటు ఆడబాపను కూడా పంపేవాళ్ళు. మనిషి కూడా ఇంటి సామానే. ఆ జ్ఞాపకమున్న నేల మీద, విప్పేసిన బట్టల్ని కొక్కేనికి తగిలించి, "తీసుకోండి, మీకోసమే" అంటే తల తిప్పుకుపోయిన ముసలమ్మది నామోషీ కాదు. ఆమెకు చరిత్ర తెలుసు.

అయితే మా దగ్గర వస్తువులు చేతులు మారవా అంటే, బ్రహ్మాండంగా మారతాయి. వెంట్రుకలకో పాత బట్టలకో స్టీలు బోళ్ళు ఇచ్చే ఆడవాళ్ళు వాకిట్లో గంప దించితే ఇంటామె మూడు చీరలు పరుస్తుంది. అవతలామె చీర చెంగు పట్టి లాగి చూసి, "ఇది పిసికిపోయిందమ్మా, ఇంకోటి ఎయ్" అంటుంది. అరగంట కొట్లాట. గిన్నె కొంచెం చిన్నదవుతుంది. ఆ కొట్లాటలో ఎవరూ తక్కువ కాదు. వంక పెట్టే హక్కు అవతలామెకు ఉంది. కరుణ గోడ తీసేసింది సరిగ్గా ఈ హక్కునే.

2017లో బతుకమ్మ చీరలు పంచినప్పుడు నాసిరకమని పలుచోట్ల ఆడవాళ్ళు వాటిని తగలబెట్టారు. "ఊరికే ఇస్తే ఇదా మర్యాద" అని ఎంతమంది గొణిగారో గుర్తుంది కదా! ఊరికే వచ్చినదాన్ని బాగాలేదని అనగూడదనే నమ్మకం మన చదువుకున్నవాళ్ళ ఎముకల్లో ఉంది. తర్వాతి ఏళ్ళలో ఆ చీరలు సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించారు. పూటపూటా బట్ట నేసి బతికే ఊళ్ళో మీ వెలిసిన షర్టు ఎవరికి వరమో నాకైతే అర్థం కాదు.

ఇంకో రకం కూడా ఉంది. కులసంఘం భవనాల్లో పెద్ద గంజులు, గరిటెలు, జంపఖానలు ఉంటాయి. పెళ్ళికి, దినాలకు ఎవరింటికైనా పోతాయి, తోమించి తిరిగొస్తాయి. గంజు మీద ఎవరి పేరో చెక్కి ఉంటుంది, దాంట్లో వండుకున్నందుకు ఎవరికీ సిగ్గు లేదు. ఇంతకంటే మంచి రీయూజ్ నేను చూడలేదు. కానీ 'ఎవరింటికైనా' అంటే ఆ కులంలో ఎవరింటికైనా అని. కులం లోపల పక్కకు పోతుంది, కులం దాటితే కిందికి పోతుంది. మున్సిపాలిటీ అర నిజంగా కొత్త పని చేయాలంటే ఈ ముడి విప్పాలి. అన్ని కులాల మధ్య పక్కకు పోయే గంజు కావాలి మనకు.

ఈ మాటంటే మిత్రులు గూంజ్ సంగతెత్తుతారు. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టిన సంస్థ. ఊరివాళ్ళు తమకు కావలసిన పని, బాటో బావో, తామే ఎంచుకుని చేసుకుంటారు, ప్రతిఫలంగా బట్టలూ సామాన్లూ అందుకుంటారు. దానం అనే మాటను పక్కకు నెట్టినందుకు వాళ్ళంటే నాకు గౌరవం. అయినా ఒక పేచీ ఉంది. పాత ప్యాంటు తీసుకున్నవాడు మట్టి మోస్తాడు, ఇచ్చినవాడు ఏం మోస్తాడు? కావలసింది ఇచ్చేవాడు కూడా చెయ్యి చాపడం.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండే మనం దీపావళికి ముందు బీరువా ఖాళీ చేసి వాచ్‌మన్ చేతికి సంచీ ఇస్తాం. అతను వద్దనలేడు. చెత్త మోసే పని అతని మీద పెట్టి, పుణ్యం మనం రాసుకుంటాం.

జగిత్యాలలోనో కోరుట్లలోనో ఎవరైనా మళ్ళీ అర పెడితే, మొదటి నెల బట్టలు తీసుకోవద్దు. అందరిళ్ళకూ కొన్నాళ్ళే అవసరమయ్యేవి పెట్టండి: తుంటి విరిగిన పెద్దమనిషికి వాకర్, వీల్‌చెయిర్, కమోడ్ కుర్చీ, పసిపిల్ల ఉయ్యాల, ఎప్‌సెట్ గైడ్లు, నిచ్చెన, డ్రిల్లింగ్ మిషన్. డాక్టరింట్లోనూ తుంటి విరుగుతుంది, బీడీలు చేసే ఆమె ఇంట్లోనూ విరుగుతుంది. ఆర్నెల్లకు ఇద్దరికీ వాకర్ అడ్డమే. రిబ్బన్ కోయడానికి వచ్చిన పెద్దమనిషి ఏమీ ఇవ్వనక్కర్లేదు. అందరి ముందూ ఏదో ఒకటి తీసుకుని ఇంటికి పోతే చాలు.

రిజిస్టర్ కూడా మార్చాలి. నేను డేటాబేసులు రాసి బతికేవాణ్ణి. దాతలకో పట్టిక, లబ్ధిదారులకో పట్టిక పెట్టడం మొదటి రోజే చేసే తప్పు డిజైన్. ఒక్క పట్టిక చాలు: వస్తువు, ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఎప్పటి నుంచి. మొదటి వరుసలో మీ పేరు రాయండి.