మట్టం లెక్క ఎవరి చేతిలో ఉంది?

నీరు పల్లమెరుగు అన్నారు మన పెద్దలు. ఏది పల్లమో, ఏది మెరకో కాగితం మీద రాసేవాడెవడన్న ప్రశ్న మాత్రం వాళ్లకు ఎదురు కాలేదు. మనకు ఎదురవుతోంది. చెరువులో మట్టి తవ్విన కూలీకి ఎంత పడాలి, కాలువ చివరి రైతు మడికి నీరెక్కుతుందా లేదా, ప్రాజెక్టు కింద ఏ ఊరు మునుగుతుంది, ఏ ఊరు నిలుస్తుంది - ఈ మూడింటినీ తేల్చేది ఒకటే లెక్క. అది నేల మట్టం లెక్క. మూడు కాళ్ల మీద నిలబెట్టిన చిన్న దుర్బిణి, ఎదురుగా అంకెలు వేసిన కర్ర, రాసుకునే పుస్తకం - ఇవి ఊళ్లోకి వచ్చిన రోజున మన కూలీ జనం, రైతు జనం ఇదేదో సర్కారు తంతులే అనుకుని పక్కకు తప్పుకుంటున్నారు. తప్పుకోకూడదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

బొబ్బిలి మండలంలో ఒక ఊరి సంగతి చెబుతాం. ఊరి పేరు రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

కొన్నేళ్ల కిందట వేసవిలో ఆ ఊరి చెరువులో ఉపాధి హామీ పని నడిచింది. 50 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పున పూడిక తీయాలి. గుంపులన్నీ కలిసి 30 సెంటీమీటర్ల లోతు తవ్వామన్నాయి. తీరా కొలత పుస్తకంలోకి ఎక్కింది 25 సెంటీమీటర్లే. 5 సెంటీమీటర్లంటే ఎంత? మూడు వేళ్ల మందం లేదు. కాని 2,000 చదరపు మీటర్ల మీద ఆ మూడు వేళ్లు 100 ఘనపు మీటర్ల మట్టి. మనిషి రోజుకు 2 ఘనపు మీటర్లు తవ్వుతాడనుకుంటే 50 పని దినాల కూలి. అంటే 600 ఘనపు మీటర్లు తవ్వినవాళ్లకు 500కే లెక్క కట్టారు.

ఊరు భగ్గుమంది. గుంపులో పెద్దావిడ ఒకామె కొలతకు వచ్చిన కుర్రవాణ్ణి నిలేసింది.

"బాబూ, నేల బిగుసుకుపోయి గునపాలు వంగిపోనాయి. ఆ గొట్టంలోంచి సూస్తే అది కనబడతాదేటి?"

"అమ్మా, నేను పెంచీ రాయలేను, తగ్గించీ రాయలేను. అంకె ఇదే వచ్చింది," అన్నాడతను.

మేం అతని మాట నమ్మలేదు. పైవాళ్ల మెప్పు కోసం కూలి కోస్తున్నాడని మూడు రోజులు ఊరంతా చాటాం. ఆఫీసు ముందు కూర్చున్నాం. దొంగ అని కూడా అన్నాం.

చిక్కు విప్పినవాడు మా గుంపులోనే ఉన్నాడు. అతను తాపీ మేస్త్రి, ఆ వేసవి వేరే పని దొరక్క చెరువు పనికి వచ్చాడు. నీళ్ల గొట్టం పట్టి పునాది మట్టం చూడడం అతనికి రోజువారీ పని. "అన్నా, మొదటి రోజు కర్ర ఎక్కడ పెట్టి మొదలెట్టారు?" అని అడిగాడు. గట్టు పక్క కల్వర్టు మీద. వెళ్లి చూశాం. పని మొదలైన తర్వాత ఏదో ట్రాక్టరు తగిలి కల్వర్టు పైనున్న సిమెంటు పొర ఊడిపోయి ఉంది. మొదటి రోజు కర్ర ఆ పొర మీద నిలిచింది. చివరి రోజు పొర పోయిన చోట నిలిచింది. పుస్తకం మాత్రం రెండూ ఒకటే ఎత్తు అనుకుంది.

రుజువు ఎలా? మొదటి రోజు ఆ కుర్రవాడే మదుము రాయి మీద కూడా ఒక రీడింగు తీసి ఉంచాడు. పుస్తకం ప్రకారం మదుము రాయి కల్వర్టు కంటే 62 సెంటీమీటర్లు కింద ఉండాలి. మేస్త్రి నీళ్ల గొట్టం తెచ్చి రెండు చోట్లా పట్టాడు. 57 వచ్చింది. పోయిన 5 సెంటీమీటర్లు అక్కడ దొరికాయి. మొదలెట్టిన రాయి 5 సెంటీమీటర్లు దిగితే, దాన్ని నమ్మి కొలిచిన నేలంతా కాగితం మీద 5 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. గోతి అడుగు కూడా లేస్తుంది. లోతు తగ్గుతుంది. కూలి తెగుతుంది.

ఆ కుర్రవాడు మారుమాట ఆడలేదు. మదుము రాయి నుంచి మట్టాలన్నీ మళ్లీ తీశాడు. పుస్తకం దిద్దాడు. మేం దొంగ అన్న మాట నలుగురిలో అన్నాం కనుక నలుగురిలోనే వెనక్కి తీసుకున్నాం. ఊరి పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే.

ఈ సంగతిలో మాకు తెలిసొచ్చిందేమిటి? దొంగ లేని చోట కూడా కూలి పోవచ్చు. పొరపాటు రెండు వైపులా జరగవచ్చునని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని కూలీకి ఎక్కువ పడితే తనిఖీలో పట్టుకుంటారు, వసూలుకు దిగుతారు. తక్కువ పడితే పట్టుకోవలసినవాడు కూలీ ఒక్కడే. అతనికి ఆ పుస్తకం చదవడం ఎవరూ నేర్పలేదు. అందుచేత కొలిచేవాడు మంచివాడైనా, చెడ్డవాడైనా, పుస్తకం ఒకడి చేతిలోనే ఉన్నంతకాలం నష్టం మన వాటాకే వస్తుంది. మనిషిని తిట్టి లాభం లేదు. లెక్కను బయట పెట్టించాలి.

ఆ లెక్క బ్రహ్మవిద్యేమీ కాదు. ఎత్తు తెలిసిన ఒక రాయి మీద కర్ర నిలబెట్టి దుర్బిణిలో అంకె చూస్తారు. రాయి ఎత్తుకు ఆ అంకె కలిపితే దుర్బిణి చూపు ఎంత ఎత్తున ఉందో వస్తుంది. తర్వాత కర్ర ఎక్కడ పెడితే అక్కడి అంకెను ఆ ఎత్తులోంచి తీసేస్తే ఆ నేల మట్టం వస్తుంది. ఒక కూడిక, ఒక తీసివేత. కర్ర వాలితే అంకె పెరుగుతుంది, నేల ఉన్నదానికంటే పల్లంగా కనబడుతుంది. పని మొదలుకాక ముందు కర్ర వాలితే మెరక నేల కాగితం మీద పల్లమై, తవ్వినది తక్కువ తేలుతుంది. దుర్బిణిలో దోషం ఉన్నా, వెనక కర్రకూ ముందు కర్రకూ సమదూరంలో దాన్ని నిలబెడితే ఆ దోషం కొట్టుకుపోతుంది. చివరకు మొదలెట్టిన రాయి దగ్గరకే తిరిగి వచ్చి లెక్క మూయాలి. మామూలు పనుల్లో 4 కిలోమీటర్లు తిరిగొస్తే తేడా సుమారు 5 సెంటీమీటర్లు దాటకూడదని సర్వే పుస్తకాలు చెబుతాయి. ఇంతే సంగతి. దమ్ము పట్టిన మడిలో నీరు నిలిపి, ఎక్కడ మెరక తేలిందో చూసి సదును చేసే మన ఆడవాళ్లకు ఇది అర్థం కాదని ఎవరైనా అంటే అది చదువు గర్వమే.

ఎత్తు తెలిసిన రాయి అన్నాం. ఆ ఎత్తు ఎక్కడి నుంచి? సముద్రం నుంచి. భారత సర్వే శాఖ 1909 నాటికి దేశమంతటికీ మట్టాల వల ఒకటి అల్లింది. ఇందుకోసం సముద్రపు ఆటుపోట్లను కొలిచిన 9 రేవుల్లో మన విశాఖపట్నం ఒకటి. రైలు స్టేషను పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది, చూసే ఉంటారు. రైలు పట్టాలకు ఉన్న ఆ గౌరవం చెరువు గట్టుకు ఇంకా దక్కలేదు. చెరువు పనికి ఏ కల్వర్టో, ఏ గుడి మెట్టో దొరికితే దానికి 100 మీటర్లని ఒక అంకె పెట్టి మొదలుపెడుతున్నారు. అంకె ఏదైనా ఫరవాలేదు, ఆ రాయి కదలనంతవరకు.

ఇక నీళ్ల సంగతి. పంట కాలువకు 5,000 అడుగులకు ఒక అడుగు వాలు ఇచ్చారనుకుందాం. కిలోమీటరుకు 20 సెంటీమీటర్లు. మధ్యలో ఎక్కడో ఒక జాన మట్టి తీయకుండా వదిలేస్తే ఒక కిలోమీటరు వాలును ఆ జానే మింగేస్తుంది. నీరు వెనక్కి ఎగదన్ని పై మదుముల్లోకి పోతుంది. కింద ఆయకట్టు ఎండుతుంది. అప్పుడు శివారు రైతు పై రైతుతో పోట్లాడతాడు. ఇద్దరూ కలిసి లష్కరును తిడతారు. కాలువ అడుగు మట్టం మాత్రం ఎవరూ అడగరు.

నాగావళి మీద 1908 నాటి తోటపల్లి రెగ్యులేటరు కింద 64 వేల ఎకరాల పాత ఆయకట్టు ఉంది. 2015లో ప్రారంభించిన బ్యారేజీ లక్షా 20 వేల ఎకరాల కొత్త ఆయకట్టు పేరు చెప్పి కట్టింది. కుడి కాలువ చీపురుపల్లి వైపు దాకా పోవాలి. కాగితం మీద ఆయకట్టు అంకె వేరు, మడిలోకి ఎక్కిన నీరు వేరు. రెండింటికీ మధ్య ఉన్నది సిమెంటు ఒక్కటే కాదు, ప్రతి కిలోమీటరు దగ్గరా ఉండవలసిన మట్టం. పూడిక తీత బిల్లు ఎంతయిందని అడిగే మనం, తీసిన తర్వాత అడుగు మట్టం ఎంతకు వచ్చిందని కూడా అడగాలి.

మట్టం ఒక ఊరి బతుకును కూడా తేలుస్తుంది. మన పక్కనే జంఝావతి ఉంది. పూర్తి మట్టానికి నీరు నిలిపితే ఒడిశా పల్లెల భూములు మునుగుతాయి. ఆ తగాదా తేలక 2006లో అక్కడ రబ్బరు డ్యాముతో సరిపెట్టారు. పోలవరం సంగతి మరీ బాధాకరం. అక్కడ 41.15 మీటర్ల గీత లోపల ఉన్నవాళ్లకు ముందు పునరావాసమన్నారు. దాని పైన 45.72 దాకా ఉన్నవాళ్లను తర్వాత చూస్తామన్నారు. గిరిజనుడి గుడిసె ఆ గీతకు ఈవల ఉందా, ఆవల ఉందా అన్నదే ప్యాకేజీకి ఆధారమైంది. 2022 జూలై వరదకు, గీతకు పైన ఉన్నామని చెప్పిన ఊళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. తర్వాత లైడార్ సర్వే లెక్కలో మరికొన్ని ఆవాసాలు 41.15 గీత లోపలికి చేరాయి. అంటే మొదటి లెక్క వాళ్లను బయట నిలబెట్టింది. నీరు గీతను చూడలేదు, పల్లాన్నే చూసింది.

ఇప్పుడు కొత్త పరికరాలు వచ్చాయి కదా అంటున్నారు. వచ్చాయి, మంచిదే. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేతో డ్రోన్లు, రోవర్లు పల్లెలకు పరిచయమయ్యాయి. హద్దు తేల్చడానికి అవి బాగా పనికొస్తాయి. కాని ఉపగ్రహం నేరుగా ఇచ్చే ఎత్తు, భూమికి ఊహించి గీసిన ఒక నున్నటి గోళం మీద నుంచి లెక్క. సముద్ర మట్టం లెక్కకూ దానికీ మన కోస్తాలో పదుల మీటర్ల తేడా ఉంటుంది. సవరణ వేసి, ఊళ్లో పాతిన రాయితో సరిచూసుకుంటే తప్ప ఆ అంకెను నమ్మి కాలువ తవ్వకూడదు. పరికరం ఎంత ఖరీదైనదైనా ఒక రాయి సాక్ష్యం కావాలి.

చట్టాలు కూడా మారుతున్నాయి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. దాని మంచి చెడ్డలు వేరే రాస్తాం. పేరు ఏదైనా, దినాలు ఎన్నైనా, మట్టి పనికి కూలి కట్టేది కొలతను బట్టే. కొలత మన కళ్ల ముందు లేకపోతే ఏ హామీ అయినా సగం హామీయే.

అందుచేత మేం అడిగేవి పెద్ద కోరికలు కావు.

ఒకటి: ప్రతి చెరువు గట్టున, బండ్లూ ట్రాక్టర్లూ తగలని చోట, ఒక రాయి పాతాలి. దాని మట్టం రంగుతో రాయాలి. పక్కనే మరో రెండు సాక్షి గుర్తులు ఉండాలి. ఒకటి కదిలితే మిగతావి చెబుతాయి.

రెండు: మొదటి పార పడకముందే నేల మట్టాలు తీయాలి. గుంపులో కనీసం ఇద్దరి ఎదుట తీయాలి. రీడింగును పైకి చదవాలి. మేట్ దగ్గర నకలు ఉండాలి. చివరి కొలతకూ అదే పద్ధతి.

మూడు: మదుము మట్టం, అలుగు మట్టం, కాలువ అడుగు మట్టం తెలుగులో బోర్డు రాసి ఆయకట్టు రైతులందరికీ కనబడేలా పెట్టాలి.

నాలుగు: కొలత మీద అభ్యంతరం చెబితే వారంలోగా వేరే రాయి నుంచి, వేరే మనిషి చేత మళ్లీ కొలిపించాలి. ఖర్చు కూలీ మీద వేయకూడదు.

సర్కారును అడిగితే సరిపోదు. మా సంఘం చేయవలసిన పని కూడా ఉంది. ప్రతి ఊళ్లో పది తరగతులు చదివిన ఇద్దరు పిల్లలకు, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు, ఈ కూడిక తీసివేత నేర్పాలి. దుర్బిణి దొరకకపోతే పది మీటర్ల నీళ్ల గొట్టం చాలు. మేస్త్రి ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. మాకు బుద్ధి చెప్పింది కూడా ఒక మేస్త్రే కదా.

వచ్చే వేసవిలో మీ చెరువులో మూడు కాళ్ల దుర్బిణి దిగిన రోజున పక్కకు తప్పుకోకండి. దగ్గరకు వెళ్లండి. కొలిచే మనిషితో మర్యాదగా మాట్లాడండి. ఒక్క ప్రశ్న మాత్రం తప్పక అడగండి: "బాబూ, ఏ రాయి నుంచి మొదలెట్టావు?" ఆ రాయి మీద చెయ్యి వేసి చూడండి. కదులుతోందేమో.