జిబ్‌కి బూమ్ అవసరమా?

సోమవారం నుదుటి మీద బొప్పితో ఆఫీసుకెళ్తే అందరూ అడిగేవాళ్ళే. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో తెరచాప పడవ మీద కర్ర తగిలిందంటే "చూస్కోవాలిగా" అన్నారు. చూస్కునేలా ఉండే కర్ర కాదండీ అది, గొడవంతా అదే.

పడవకి మామూలుగా రెండు తెరచాపలు. మాస్ట్ వెనకుండే పెద్దదాని కింద బూమ్ అనే అడ్డకర్ర ఉంటుంది. దానికి తల వంచడం మొదటిరోజే నేర్పుతారు. ముందుండే చిన్నది జిబ్. చాలా పడవల్లో దానికి కర్ర ఉండదు, కొన్నిటికి మాత్రం తగిలిస్తారు.

ఎందుకంటే, బద్ధకం. (తప్పేం లేదు, మన వృత్తి నడిచేదే దానిమీద.) గాలికి ఎదురెళ్ళాలంటే పడవని మెలికలు తిప్పుతూ పోవాలి. ఈ బేలో వేసవి మధ్యాహ్నాలు గాలి 20 నాట్లు దాటడం మామూలే. మెలిక తిరిగిన ప్రతిసారీ ఒక పక్క తాడు వదిలి, రెండో పక్కది వించి మీద బిగించాలి. గంటలో భుజాలు పడిపోతాయి. బూమ్ ఉంటే ఒకటే తాడు. చుక్కాని తిప్పితే చాలు, జిబ్ దానంతటదే అవతలికి పోతుంది. ఇద్దరే ఉన్న పడవకి వరమే. కాకపోతే జిబ్ మాస్ట్ దాటి రాకూడదు కాబట్టి చిన్నదిగా ఉంటుంది, గాలి లేనిరోజు నత్తనడకే.

ఇక ప్రమాదం. జిబ్ బూమ్ దగ్గరికి మనం వెళ్ళేదెప్పుడు? లంగరు వెయ్యడానికో, తెరచాప దించడానికో. అంటే పడవ ముక్కు గాలికి తిరిగి, తాడు వదులై, జిబ్ టపటపా కొట్టుకుంటున్నప్పుడన్నమాట. బూమ్ పిచ్చెక్కినట్టు ఊగేది కూడా సరిగ్గా అప్పుడే! పైగా వంగి లంగరు పట్టుకున్నవాడి తల ఎత్తుకే ఉంటుంది. నాకు బొప్పితో పోయింది. నీళ్ళలో పడుంటే? వేసవిలో కూడా ఒళ్ళు కొంకర్లు పోయే నీళ్ళవి.

గ్యారీ హాయిట్ అనే ఆయన దీన్ని కొంత మెరుగుపరిచాడు. వంగిన గొట్టం ఒకటి డెక్‌లో దిగేసిన కుదురులో తిరుగుతుంది. పక్కలకి ఊగుతుందే గానీ పైకి లేవదు, కాబట్టి వెనకగాలిలో కూడా తెరచాప ఆకారం చెడదు. అలెరియన్ ఎక్స్‌ప్రెస్ 28 పడవల మీద కనిపించేది ఇదే. ఊగడం మాత్రం ఊగుతుంది.

అయినా నా ఓటు బూమ్‌కే. నాకు కోపమల్లా పడవ ఓనరైన మా మిత్రుడి మీద. "అందరం తిన్నాం ఆ దెబ్బ, అలవాటైపోతుందిలే" అన్నాడు. బగ్ సరిచెయ్యకుండా "యూజర్ జాగ్రత్తగా ఉండాలి" అని డాక్యుమెంటులో రాసే రకం! జిబ్ దించే తాడు వెనకనుంచే లాగేలా ఉండాలి. దించి, బూమ్‌ని కదలకుండా బిగించాకే మనిషి ముందుకెళ్ళాలి. అంతకు మించి ఖర్చేముంది?

వచ్చే శనివారం మళ్ళీ వెళ్తున్నాం. కప్పీలూ తాడూ నేనే కొన్నాను. ఆయన బిగించనిస్తే ఎక్కుతాను, లేకపోతే ఒడ్డునే.