బాలింత నొప్పికి మత్తు మందే దిక్కా?

పొన్నూరు: కడుపు కోసి బిడ్డను తీసే కాన్పు పల్లెల్లో ఇప్పుడు వింత కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రులలోనైతే నూటికి 63. ఆ ఆపరేషను ఎందరికి అవసరమన్నది వేరే చర్చ. అయిపోయాక తల్లి పడే నొప్పిని పట్టించుకునేవారే కరువయ్యారు.

పొన్నూరు చుట్టుపట్ల ఆడపడుచులు తెనాలికో, గుంటూరుకో, బాపట్లకో వెళ్లి పురుడు పోసుకుని, కుట్ల పచ్చి ఆరకముందే ఇల్లు చేరుతారు. ఆడపుట్టుక పుట్టాక ఓర్చుకోక తప్పదనే పెద్దలు ఒకవైపు. ఆసుపత్రిలో వేసిన సూదే మళ్లీ వేయించాలని ఆర్‌ఎంపీ దగ్గరకు పరుగెత్తేవారు మరొకవైపు. రెండూ తప్పే.

మార్ఫిన్ నల్లమందు నుంచి తీసినదే. ట్రెమడాల్ కూడా ఆ కోవలోదే. 2018లో కేంద్రం దానిని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. వీటితో తల్లికి మగత, వాంతులు, మలబద్ధకం కలుగుతాయి. లేచి తిరగడం ఆలస్యమవుతుంది. మందు పాలలో చేరితే పసికందు మగతగా పడి ఉంటుంది. ఊపిరి మందగించే ప్రమాదమూ ఉంది. పాలిచ్చే తల్లులు ట్రెమడాల్, కొడీన్ వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

మరి నొప్పికి దారేది? పారాసెట్మాల్, ఐబుప్రొఫేన్ మాత్రలను నొప్పి ముదిరాక కాక, డాక్టరు చెప్పిన వేళకు గడియారం చూసి వేసుకోవాలి. రెండూ వేర్వేరు విధాల పనిచేస్తాయి గనుక కలిసి ఎక్కువ ఉపశమనమిస్తాయి. పాలలో చేరేది బహు స్వల్పం. అప్పటికీ తగ్గకుంటేనే, డాక్టరు పర్యవేక్షణలో, బలమైన మందు తక్కువ మోతాదులో కొద్ది రోజులు వాడవచ్చు. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. నొప్పి రోజురోజుకూ పెరిగినా, జ్వరం వచ్చినా, కుట్లు చీము పట్టినా మాత్రలతో కాలక్షేపం చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంటికి పంపేటప్పుడు ఏ మాత్ర ఏ వేళకు, ఎన్నాళ్లు వేసుకోవాలో తెలుగులో రాసిన చీటీ తల్లి చేతికి ఇవ్వాలి. ఇంటికి వచ్చే ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు బిడ్డ బరువుతోపాటు తల్లి నొప్పినీ అడగాలి. డాక్టరు చీటీ లేనిదే మందుల షాపులవారు మత్తు మాత్రలు అమ్మరాదు. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులు ఇకనైనా దృష్టి సారించవలసి ఉంది.