పరాభవ అంటే ఏ పరాభవ?

మార్చి 19న మాకు పరాభవ ఉగాది. పక్కింటి తమిళులకు అదే పరాభవ ఏప్రిల్ 14న వచ్చింది. తమిళనాడులోని మా ఊరు ఏళాయిరంపన్నైలో ఈ తేడా ఎవరికీ పట్టదు, రెండు పండగలకీ అందరం తింటాం. నా పేచీ ఆ పేరుతోనే. 1906లోనూ పరాభవే, 1966లోనూ పరాభవే.

మా పెదనాన్న ట్రంకుపెట్టెలో బావి వాటాలు పంచుకున్న కాగితం ఒకటుంది. ‘పరాభవ, తై నెల’ అని రాసి, కింద నాలుగు వేలిముద్రలు వేశారు. అంకె లేదు. "మోటారు మాటే లేదు కదరా, పాతదే అయ్యుంటుంది" అంటాడు చిన్నాన్న. కోర్టు ఆ మాట వింటుందా?

అంకె కావాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. లోకంలో ఆ మొదలును తరవాతి వాళ్లే ఎంచుకున్నారు. ప్రవక్త మక్కా విడిచింది 622లో. ఆ ఏటి నుంచి లెక్కపెట్టాలని ఖలీఫా ఉమర్ తేల్చింది దాదాపు పదిహేడేళ్లకు. క్రైస్తవులను హింసించిన డయొక్లీషియన్ పేరుతో ఏళ్లు లెక్కించడం గిట్టక, 525లో డయొనీసియస్ అనే సన్యాసి క్రీస్తు నుంచి లెక్క కట్టాడు. తమిళనాడు ప్రభుత్వం తిరువళ్లువర్ క్రీ.పూ. 31లో పుట్టాడని పెట్టుకుని, 1971లో ఆ లెక్కను తన డైరీకెక్కించింది. రుజువు సంగతి పండితులు చూసుకుంటారు, అంకె మాత్రం పనికొస్తోంది. పడమటి కొండలు దాటితే 825 నుంచి కొల్లం లెక్క. తిరునెల్వేలి సీమ పాత రాతల్లోనూ అది కనిపిస్తుంది.

మా పొలం లెక్కల్లో మాత్రం ఈ ఉగాది నాటికి ఫసలీ 1435. అక్బరు కాలంలో పుట్టి, షాజహాను హయాంలో దక్కనుకు దిగిన శిస్తు లెక్క అది. జులై 1న ఏడు మారుతుంది, 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం. మొగలాయీలు పోయారు, తెల్లవాళ్లు పోయారు, తాలూకాఫీసు జమాబందీలో ఫసలీ పోలేదు. భక్తితో పెట్టిన శకాలకన్నా పన్ను కోసం పెట్టిందే ఇక్కడ గట్టిగా నిలిచింది!

మనకేం తక్కువ? 78 నుంచి శాలివాహన శకం ఉంది. 1957 మార్చి 22 నుంచి కేంద్ర ప్రభుత్వమూ ఇంగ్లీషు తేదీ పక్కన ఈ శకాన్ని వాడుతోంది. సంకల్పంలో మాత్రం కలియుగం, ప్రథమపాదం అని బోలెడంత కాలం ఏకరువు పెట్టి, చివరికి సంవత్సరం పేరుతో సరిపెడతాం.

పెళ్లిపత్రికలో, కులదేవత గుడి రాతిమీద, ముఖ్యంగా పంపకాల కాగితంలో పరాభవ పక్కన శకం 1948 అనో, 2026 అనో వేయండి. ఏ శకమైనా సరే, అంకె ఉండాలి.